కుండీసంజీవని

అవతారిక

కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య రాసి దానికి ‘సంజీవని’ అని పేరు పెట్టిన మల్లినాథసూరి మన మెదకు సీమ కొల్చారం వాడు. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది పలకననీ ముందే మాటిచ్చి మరీ ఘంటం పట్టాడాయన. ప్రస్తుత వ్యాఖ్యాత ఆయన దగ్గర పేరు మాత్రం అప్పు తెచ్చుకున్నాడు, నియమాలు తెచ్చుకోలేదు. ఇక్కడ మూలం నాలుగే పాదాలు, దాని కింద ఉన్న మట్టి పది కిలోలు. మూలంలో లేనిదంతా మట్టిలోనే ఉంది.

పద్యం దొరికిన చోటు హైదరాబాదులో ఒక అపార్టుమెంటు డాబా. నీళ్ల ట్యాంకు పక్కన ఉన్న సిమెంటు కుండీ ఒంటి మీద బొగ్గుముక్కతో రాసి ఉంది. కుండీలో కరివేపాకు మొక్క. కవి పేరు లేదు, మకుటం లేదు, తేదీ లేదు. కుండీ అంచున గోరుమందాన పేరుకున్న తెల్లటి పెచ్చును బట్టి మొక్క అందులోకి వచ్చి నాలుగైదేళ్లయి ఉంటుందనీ, అన్నేళ్లూ బోరు నీళ్లే తాగిందనీ ఊహించవచ్చు. కాలనిర్ణయానికి ఇంతకన్నా బలహీనమైన ఆధారాలతో సిద్ధాంత గ్రంథాలు వెలువడ్డాయి.

మూలం

ఆ. ఆకు పచ్చ దప్పె నంతఁ బోసెను నీళ్లు
నీరు పోయఁ బోయ నీరసించె
మజ్జిగయును బోసె మందును జల్లెను
మట్టి నెవ్వఁ డడిగె మాట యొకటి

ప్రతిపదార్థం

ఆకు = కరివేప రెమ్మయందలి యాకు; పచ్చ = ఆకుపచ్చ వన్నె (పసుపుపచ్చ యని చెప్పినచో పద్యమే తలక్రిందులగును); తప్పెన్ = కోల్పోయెను; అంతన్ = అది కంటఁబడినంతనే, ఆలోచింపక యని భావము; నీళ్లు = బోరునీళ్లు; పోసెను = క్రుమ్మరించెను; నీరు = ఆ నీటినే; పోయన్ పోయన్ = ఉదయ మొకరు, సాయంత్ర మొకరు, ఒకరికిఁ దెలియక యొకరు పోయఁగాఁ బోయఁగా; నీరసించెన్ = మఱింత వాడెను; మజ్జిగయును = నిన్నటి పులిసిన మజ్జిగను సైతము; పోసెన్ = పోసెను; మందును = దుకాణమువాఁడు చేతఁ బెట్టిన పొడిని; చల్లెను = కొలఁత లేక చల్లెను; మట్టిన్ = కుండీలోని మట్టిని; మాట యొకటి = ఒక్క మాటయైనను; ఎవ్వఁడు అడిగెన్ = ఇంటిలో నెవ్వఁ డడిగెను? ఎవ్వఁడు నడుగలే దనుట.

తాత్పర్యం

కరివేపాకు మొక్క ఆకుల రంగు పోయింది. చూసినవాళ్లు నీళ్లు పోశారు. ఇంకా వాడింది. మజ్జిగ పోశారు, మందు చల్లారు. ఇన్ని పోసినవాళ్లలో ఒక్కరు కూడా మట్టి ఎలా ఉందో చూడలేదు.

తాత్పర్యం ఇంతే. చదువరికి ఇక్కడితో సరిపోవచ్చు, మొక్కకు సరిపోదు. అందుకని విశేషాలు.

‘ఆకు’ అన్న ఏకవచనం

కవి ‘ఆకులు’ అనలేదు, ‘ఆకు’ అన్నాడు. గణం కిట్టించడానికి అన్నాడని ఒక వాదం ఉండవచ్చు. ఏ ఆకు అన్న ప్రశ్న మనచేత అడిగించడానికే అన్నాడని మా పక్షం. ఎందుకంటే మొక్క ముందు నిలబడి ‘ఆకులు పసుపైపోతున్నాయి’ అనడం వైద్యుడి దగ్గరికి వెళ్లి ‘ఒంట్లో బాగాలేదు’ అనడంతో సమానం. ఎక్కడి ఆకు, ఈనెలు ఏ రంగులో ఉన్నాయి, ఈ రెండూ చెబితే సగం నిర్ధారణ అయిపోతుంది.

కొమ్మ మొదట్లో ఉన్న ముదురాకులు ఈనెలతో సహా వెలవెలబోయి, కొనన చిగురు నిక్షేపంగా ఉంటే నత్రజని తక్కువైందని అర్థం. నత్రజని, భాస్వరం, పొటాషియం, మెగ్నీషియం, ఈ నాలుగూ మొక్క ఒంట్లో ఒకచోటి నుంచి ఇంకోచోటికి కదిలే సరుకులు. కొరత వచ్చినప్పుడు మొక్క తాతల కంచంలోది తీసి మనవల కంచంలో పెడుతుంది. అందుకే ముందు పాలిపోయేవి పెద్దాకులు. ఇనుము అలాంటిది కాదు. పాత ఆకులో చేరిన ఇనుము పాత ఆకుతోనే ఉండిపోతుంది. వేరు కొత్తగా తెచ్చి ఇవ్వకపోతే కొత్త చిగురే పస్తుంటుంది. చిగురాకు పాలిపోయి, దానిమీద ఈనెలు మాత్రం సన్నటి ఆకుపచ్చ గీతలుగా మిగిలాయంటే అది ఇనుపలోపం. ముదిరితే ఈనెలూ పాలిపోయి ఆకు దాదాపు తెల్లబడుతుంది, అంచులు మాడతాయి.

ఈనెల మధ్య పసుపు ముదురాకుల్లో కనబడితే మాత్రం మెగ్నీషియం వైపు చూడాలి. కరివేప నిమ్మ కుటుంబపు చెట్టు. నిమ్మకు మెగ్నీషియం తగ్గితే ఆకు మొదట్లో, తొడిమ వైపు, ఆకుపచ్చ ముక్కోణం ఒకటి మిగులుతుంది, తోటలవాళ్లు దాన్ని చూసే పోల్చుకుంటారు. పొటాషియమైతే ముదురాకు అంచుల నుంచి మాడుతూ వస్తుంది. సన్నటి పసుపు చుక్కలు నిండా ఉండి, ఆకు తిప్పిచూస్తే వెనక నూలుపోగుల్లాంటి గూడు కనబడితే అది నల్లి, మట్టికి సంబంధం లేదు. డిసెంబరు, జనవరి చలికి ముదురాకులు పండి రాలితే అది అసలు రోగమే కాదు. ఆ నెలల్లో కరివేప మందగిస్తుంది, మనుషులు కంగారుపడతారు, ఎరువు వేస్తారు. వేరు పని చెయ్యని కాలంలో వేసిన ఎరువు మట్టిలో ఉప్పుగా మిగులుతుంది.

మన పద్యంలోని మొక్క వద్దకు వెళ్లి చూశాం. పాలిపోయినవి చిగుళ్లు. ఈనెలు పచ్చగా ఉన్నాయి. ఇనుము.

శంక. ఆకుకు రంగునిచ్చే పత్రహరితం అణువు నడుమ కూర్చున్నది మెగ్నీషియం కదా. ఇనుము లేకపోతే రంగు పోవడం ఏమిటి?

సమాధానం. ఆ అణువులో ఇనుము లేని మాట నిజమే. కాని దాని తయారీలో కొన్ని మెట్లు ఇనుము లేనిదే సాగవు. మెగ్నీషియం ఎంత ఉన్నా తయారీ ఆగిపోతే రంగు రాదు. ఎప్సమ్ సాల్ట్ వేసినా చిగురు పసుపుగానే ఉందని వాపోయేవారికి ఇదే జవాబు.

శంక. కుండీలో ఉన్నది ఎర్రమట్టి. ఆ ఎరుపే ఇనుప తుప్పు. తుప్పులో మునిగి ఉన్న వేరుకు ఇనుము లేదనడం అసంబద్ధం.

సమాధానం. పద్యానికి ఆయువుపట్టు ఇక్కడుంది. మట్టిలో ఇనుము ఉండడం వేరు, నీటిలో కరిగి వేరుకు అందడం వేరు. ఈ రెంటికీ మధ్య అడ్డం నిలిచేది పీహెచ్.

పీహెచ్ అనే కొలతను 1909లో కోపెన్‌హాగెన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో సోరెన్ సోరెన్సన్ అనే రసాయన శాస్త్రవేత్త పెట్టాడు. అది బీరు కాచే కంపెనీ పెట్టిన ప్రయోగశాల. కరివేపాకు పేరు ఆయన విని ఉండే అవకాశం తక్కువ. ఏడు తటస్థం, దిగువన పులుపు, ఎగువన క్షారం. చూడడానికి ఒక్కొక్క అంకే అయినా ఒక్కో మెట్టుకు పదిరెట్ల తేడా. ఆరుకూ ఎనిమిదికీ మధ్య తేడా రెండు కాదు, నూరు రెట్లు. కుండీ మొక్కల్లో చాలావాటికి ఆరుకు అటూఇటూ, ఆరున్నర దాకా హాయి. కరివేప ఏడు వరకూ సర్దుకుపోతుంది. ఏడున్నర దాటితే చిగురు రంగు చెప్పడం మొదలుపెడుతుంది.

ఎందుకంటే ఇనుము విషయంలో పదిరెట్ల లెక్క కూడా చాలదు. పీహెచ్ ఒక మెట్టు ఎక్కితే మట్టి నీటిలో ఫెర్రిక్ అయాను వెయ్యోవంతుకు పడిపోతుంది. అంచేత క్షారపు మట్టిలో ఇనుము రాశిగా ఉంటుంది, చిటికెడు కూడా అందదు. వేరు ఊరుకోదు. తన చుట్టూ కాస్త ఆమ్లం విడిచి, ఆ తుప్పును కరిగించి, ఫెర్రస్ రూపంలోకి మార్చి లోపలికి తీసుకోవాలని చూస్తుంది. మట్టిలో సున్నపు పాలు ఎక్కువగా ఉంటే వేరు విడిచిన ఆమ్లాన్ని అది అక్కడికక్కడే మింగేస్తుంది. వేరు రోజంతా శ్రమించి సున్నాన్ని కరిగిస్తుందే తప్ప ఇనుమును కాదు.

మరి ఆ సున్నం ఎక్కడిది? నర్సరీ నుంచి వచ్చేటప్పుడు లేదే. ఇందుకు మొదటి పాదంలోని చివరి మాట చూడాలి.

‘పోసెను నీళ్లు’

ఈ క్రియకు కర్త లేడు. ఎవరు పోశారో పద్యం చెప్పదు, ఇంట్లో ఎవరినడిగినా చెప్పరు. వ్యాకరణ దోషంగా కనబడేది నిజానికి వాస్తవ చిత్రణ. ఇద్దరేసి పోసిన కుండీలో నీరు నిలిచి, మట్టి సందుల్లోని గాలి పోయి, వేరు ఊపిరాడక కుళ్లుతుంది. అప్పుడూ ఆకులు పసుపవుతాయి, మొక్క వాడుతుంది, వాడింది కదా అని మళ్లీ నీళ్లు పోస్తారు. రెండో పాదమంతా ఇదే. మేలు కోరి చేసిన పని కీడుగా పరిణమించింది కనుక విషమాలంకారం అనండి, నీరు పోసిన కొద్దీ రసం లేనిదైంది కనుక విరోధాభాస అనండి, అభ్యంతరం లేదు. వేలు రెండో కణుపు దాకా మట్టిలో దించి, తడి తగిలితే చెంబు పక్కన పెట్టడమే దీనికి విరుగుడు. నర్సరీ నుంచి జిగటమట్టి ఉండతో సహా వచ్చిన మొక్కైతే ఇంకో చిక్కు. ఉండ చుట్టూ మనం వేసిన గుల్లమట్టి ఆరిపోతుంది, ఉండ లోపల తడి అలాగే ఉంటుంది, లేదా దానికి తలకిందులుగా జరుగుతుంది. వేలు తప్పుడు సాక్ష్యం చెబుతుంది. అలాంటి మొక్కను నాటేటప్పుడే ఉండను నీళ్లలో నానబెట్టి మెల్లగా విడదీయాలి.

ఎంత నీరు అన్నది చిన్న ప్రశ్న. ఎలాంటి నీరు అన్నది పెద్దది, దాన్ని దాదాపు ఎవరూ అడగరు.

రాతినేలల్లో తవ్విన బోరు నీటిలో కాల్షియం, మెగ్నీషియంతోపాటు బైకార్బొనేట్లు కరిగి ఉంటాయి. వీటి బలాన్నే క్షారత అంటారు. తాగేనీటికి మన దేశపు ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరుకు 200 మిల్లీగ్రాముల క్షారత వరకు మంచిది, వేరే గతి లేకపోతే 600 దాకా చెల్లుతుంది. మన డాబా ట్యాంకు నీటిలో 300 ఉందనుకుందాం. మనిషికి ఏ ఇబ్బందీ లేదు. కుండీ లెక్క వేరు. రోజుకు లీటరు చొప్పున పోస్తే రోజూ 300 మిల్లీగ్రాముల సున్నపురాయికి సరిపడా సరుకు కుండీలోకి చేరుతుంది. ఏడాదికి సుమారు 110 గ్రాములు. అడుగు కన్నం నుంచి సగం కారిపోయినా మిగతా సగం మట్టిలోనే. నీటిని ఆకు ఆవిరిగా వదిలేస్తుంది, సున్నాన్ని వదలలేదు. కుండీ అంచున ఉన్న తెల్లటి పెచ్చు అదే. నేలలో నాటిన చెట్టుకు వానలు వచ్చి కడుగుతాయి, వేరు పక్కకు పోతుంది. కుండీలో పక్క లేదు.

శంక. మా నీటికి పీహెచ్ చూశాం, 7.4 మాత్రమే వచ్చింది. తటస్థమే కదా?

సమాధానం. నీటి పీహెచ్ వేరు, క్షారత వేరు. కరిగిన లవణాలు దాదాపు లేని నీరు పీహెచ్ తొమ్మిది చూపించినా మట్టిని కదపలేదు, దాని వెనక బలం లేదు. 7.4 చూపిస్తూ నిండా బైకార్బొనేటు మోసుకొచ్చే నీరు మట్టిని ఏడాదిలో మార్చేస్తుంది. నీటి పరీక్ష చేయిస్తే పీహెచ్ గడి దాటి కిందికి చూసి, క్షారత గడిలో ఎంత రాశారో చదవాలి.

ఇక్కడ ఒక ఆధునిక దురాచారం గురించి కూడా చెప్పాలి. వంటింట్లో ఆర్వో యంత్రం పక్కగొట్టం నుంచి కారే నీటిని బకెట్లో పట్టి, వృథా చెయ్యకూడదని మొక్కలకు పోస్తారు. ఉద్దేశం పుణ్యమే. యంత్రం మన గ్లాసులోంచి తీసేసిన లవణాలన్నీ ఆ బకెట్లోనే చిక్కబడి ఉన్నాయి. ఆ నీటితో గచ్చు కడగవచ్చు, బండి కడగవచ్చు, కరివేపకు పోయకూడదు. పోయదగినది ఏసీ గొట్టం నుంచి బొట్లుగా కారే నీరు, అది గాలిలోని తేమ, అందులో సున్నం ఉండదు. వాననీరు సరేసరి. కృష్ణా, మంజీరా నల్లా నీళ్లు వచ్చే ఇళ్లలో అవి కూడా సాధారణంగా బోరు కన్నా మెత్తన. ఏదీ లేకపోతే కిరాణా కొట్టులో దొరికే నిమ్మ ఉప్పు ఉంది. పైన చెప్పిన 300 క్షారత గల నీరు పది లీటర్లకు మూడు గ్రాములు కలిపితే ముప్పాతిక వంతు క్షారత విరుగుతుంది. ఇది కూడా శాశ్వతం కాదు, మట్టిలోని సూక్ష్మజీవులు నిమ్మ ఉప్పును తినేశాక కొంత క్షారత తిరిగి వస్తుంది. అయినా మజ్జిగ కన్నా నయం.

‘మజ్జిగయును’

కరివేపాకుకు పులిసిన మజ్జిగ పోయాలన్నది తెలుగునాట తల్లులు కూతుళ్లకు అప్పగించిన విద్య. దాన్ని తీసిపారెయ్యడానికి ఏ వ్యాఖ్యాతకూ గుండె చాలదు. కాబట్టి లెక్క చెప్పి పక్కకు తప్పుకుంటాం. గ్లాసు పలచటి మజ్జిగ, 200 మిల్లీలీటర్లు, అందులో అర శాతం లాక్టిక్ ఆమ్లం ఉందనుకుంటే మొత్తం ఒక గ్రాము. ఆ గ్రాము విరచగలిగేది అర గ్రాము పైచిలుకు సున్నం. అంటే మన బోరు నీరు రెండు రోజుల్లో తెచ్చి పోసినంత కూడా కాదు. పైగా ఆ ఆమ్లాన్ని మట్టిలోని సూక్ష్మజీవులు కొద్దిరోజుల్లో తినేస్తాయి, విరిగిన సున్నం మళ్లీ సున్నమై కూర్చుంటుంది.

మరి మా అమ్మమ్మ చెట్టు మజ్జిగతోనే అంత ఎత్తు పెరిగిందే అంటారు. పెరిగింది. ఆ చెట్టు పెరట్లో బావి గట్టున నేలలో ఉంది, వానలో తడిసింది, అంట్లు కడిగిన నీళ్లు తాగింది. మజ్జిగలోని మాంసకృత్తుల వల్ల కొంత నత్రజని, కొంత భాస్వరం అందిన మాట కూడా నిజమే. గెలిచిన జట్టులో ఉన్న ఆటగాడికి కప్పులో వాటా ఉంటుంది. కప్పంతా తనదే అనకూడదు.

పాఠాంతరం. మూడో పాదానికి ‘బూడిదయును బోసె’ అని ఒక పాఠం వాడుకలో ఉంది. మజ్జిగ బదులు పొయ్యి బూడిద చల్లే ఇళ్లు కూడా ఉన్నాయి గనక అది పుట్టి ఉంటుంది. ఈ పాఠం అగ్రాహ్యం. బూడిదకూ మందుకూ యతి కుదరదు. కట్టెల బూడిద స్వయంగా క్షారం కాబట్టి మట్టికీ కుదరదు, పీహెచ్‌ను ఇంకా పైకి తోస్తుంది. యతిభంగమూ రోగవృద్ధీ ఏకకాలంలో జరిగే పాఠాన్ని ఏ పరిష్కర్తా ఆమోదించడు. ఒక రోజు మజ్జిగ, ఒక రోజు బూడిద వేసేవాళ్లు కూడా ఉన్నారు. వారి మట్టి ఎటూ కదలదు.

‘మందును జల్లెను’

మందు ఏదో కవి చెప్పలేదు. పూర్వ వ్యాఖ్యాతలు మూడు సంప్రదాయాలుగా చీలిపోయారు.

నర్సరీ సంప్రదాయం ఎప్సమ్ సాల్ట్ అంటుంది. అది మెగ్నీషియం సల్ఫేటు. పీహెచ్‌ను కదపదు, ఇనుము ఇవ్వదు. ముదురాకుల్లో మెగ్నీషియం లోపం కనబడితే మంచి మందే, కాని బోరు నీటిలో మెగ్నీషియం ఎలాగూ వస్తున్న ఇంట్లో మళ్లీ చల్లితే అది పొటాషియం, కాల్షియంలను వేరు దగ్గరికి రానివ్వదు. వీడియోల సంప్రదాయం కోడిగుడ్డు పెంకులు, కాఫీపిండి అంటుంది. పెంకు దాదాపు అంతా కాల్షియం కార్బొనేటు, సున్నం ఎక్కువైన రోగికి సున్నం బిళ్ల. డికాక్షను దిగిపోయిన కాఫీపిండిలో పులుపు చాలావరకు మన గ్లాసులోకి వచ్చేసింది, మిగిలింది తటస్థానికి దగ్గర. మూడోది పెద్దల సంప్రదాయం, తుప్పుపట్టిన మేకులు పాతిపెట్టమంటుంది. ఎర్రమట్టి మొత్తం తుప్పే అని పైన చెప్పాం. నాలుగు మేకులు ఎక్కువైనంత మాత్రాన ఒరిగేది లేదు.

మా పక్షం అన్నభేది. రైతులకు బాగా తెలిసిన పేరు, ఫెర్రస్ సల్ఫేటు. లేత ఆకుపచ్చ పలుకులు. సున్నపు నేలల్లో వేరుశనగ పసుపెక్కితే లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి ఆకుల మీద పిచికారీ చేస్తారు. మట్టిలో వేస్తే క్షారం తగిలి తుప్పైపోతుంది కాబట్టే ఆకు మీద. నిమ్మ ఉప్పు వేసేది ద్రావణంలో ఇనుము తుప్పుగా మారకుండా నిలపడానికి. కుండీ మొక్క చిగురు లేతది, అందుకని ఆ మోతాదులో సగంతో మొదలుపెట్టి, సాయంత్రం పూట, వారం పది రోజులకోసారి చల్లడం మంచిదని నా అభిప్రాయం. అప్పటికప్పుడు కలిపిందే వాడాలి, ద్రావణం గోధుమరంగు తిరిగిందంటే పని అయిపోయింది. డాబా మీద తెల్ల టైల్సు ఉంటే కుండీ కింద పాత గోనె వెయ్యండి, ఆ మరక మొక్క కన్నా ఎక్కువ కాలం బతుకుతుంది.

మట్టిలోనే పోయాలనుకుంటే, తుప్పు కాకుండా పట్టి ఉంచే చీలేటు రూపంలో ఇనుము దొరుకుతుంది. పొట్లం మీద పేరు చదవకుండా కొనకండి. ఈడీటీఏ అని ఉన్నది పీహెచ్ ఆరు, ఆరున్నర దాటితే ఇనుమును వదిలేస్తుంది, అంటే ఏ మట్టికి ఇనుము కావాలో ఆ మట్టిలో పనికిరాదు. డీటీపీఏ ఏడు, ఏడున్నర దాకా పట్టుకుంటుంది. ఈడీడీహెచ్ఏ తొమ్మిదిలో కూడా వదలదు, నీటిలో వేస్తే ముదురు ఎరుపు తిరుగుతుంది, ధర కూడా అదే స్థాయిలో ఉంటుంది. ఎక్కువగా అమ్ముడుపోయేది మొదటిదే.

‘మట్టి నెవ్వఁ డడిగె’

కవి ప్రశ్న వేసి వెళ్లిపోయాడు, ఎలా అడగాలో చెప్పలేదు. మట్టిని అడగడానికి భాషలు ఉన్నాయి.

మొదటిది వినిగరు. కుండీలో నాలుగు వేళ్ల లోతున తీసిన మట్టిని ఆరబెట్టి, చెంచాడు వినిగరు పోసి చెవి దగ్గర పెట్టుకోండి. బుసబుసమంటే అందులో విడిగా సున్నం ఉంది. ఏమీ అనకపోతే లేదనుకోవచ్చు, ఉన్నా కొద్దిగానే.

పసుపుతో చూడమనేవారు ఉన్నారు. పసుపులో సున్నం కలిపితే ఎర్రబడుతుందని పారాణి కలిపిన ఏ ఇంటికైనా తెలుసు. కాని పసుపు రంగు మారడం మొదలయ్యేదే ఏడున్నర తరవాత, బాగా తెలిసేది ఎనిమిదిన్నర దాటాక. పెళ్లికూతురి పాదాలకు సరిపోయే పరీక్ష కరివేపాకు చిగురుకు ఆలస్యం. ఇంట్లో చెయ్యదగినది ఇదీ: ఒక వంతు మట్టికి రెండున్నర వంతుల డిస్టిల్డ్ వాటరు కలిపి, అరగంటసేపు మధ్యమధ్య కలుపుతూ ఉంచి, పైకి తేరిన నీటిలో పీహెచ్ పట్టీ ముంచి రంగు చూడడం. మన ప్రయోగశాలల్లో మట్టి పీహెచ్‌కు సాధారణంగా వాడే పాళ్లు కూడా ఇవే. మట్టిలో గుచ్చే రెండు ముళ్ల చవక మీటరు మీద నాకు నమ్మకం లేదు, అది నిజానికి పట్టుకునేది ఆ రెండు లోహాల మధ్య నడిచే విద్యుత్తును, దానికి తడి ఒక రకంగా, ఉప్పు ఇంకో రకంగా అడ్డొస్తుంటాయి. అనుమానం తీరకపోతే దగ్గర్లోని కృషి విజ్ఞాన కేంద్రంలో అడిగి చూడండి. వాళ్లు ఎకరాలు అడుగుతారు. కుండీ అని చెప్పడానికి సిగ్గుపడకండి.

అడిగితే మట్టి ‘ఎనిమిది’ అందనుకుందాం. అప్పుడు గంధకం వెయ్యమని పుస్తకాలు చెబుతాయి. గంధకాన్ని థయోబాసిల్లస్ జాతి సూక్ష్మజీవులు తిని గంధకామ్లంగా మారుస్తాయి, పీహెచ్ దిగుతుంది. తడి, వెచ్చదనం, వారాల వ్యవధి కావాలి. అయితే వినిగరు పరీక్షలో బుసలు కొట్టిన మట్టికి ఈ ఉపాయం తగదు. పది కిలోల మట్టిలో నూటికి రెండు వంతుల సున్నం ఉంటే 200 గ్రాములు. గ్రాము గంధకం మూడు గ్రాముల సున్నాన్ని విరుస్తుంది. అంటే పీహెచ్ కదలడానికి ముందు సున్నాన్ని ఖర్చు చెయ్యడానికే 60 గ్రాములకు పైన గంధకం కావాలి. అంత ఒక్కసారి వేస్తే ముందు పోయేది మొక్క. బుస రాని మట్టికి, పీహెచ్ ఏడున్నర లోపుంటే, గంధకం చిటికెడు చిటికెడుగానో, లీటరుకు గ్రాము చొప్పున అమ్మోనియం సల్ఫేటు పదిహేను రోజులకోసారో వేసి చూడవచ్చు. రెండోది నత్రజనితోపాటు మెల్లగా పులుపునూ ఇస్తుంది.

బుస కొట్టిన మట్టిని మార్చడమే చవక. ఎర్రమట్టి ఒక పాలు, కడిగి ఉప్పు పోగొట్టిన కొబ్బరిపొట్టు ఒక పాలు, బాగా చివికిన పశువుల ఎరువు అర పాలు. కొత్త ఇల్లు కట్టిన చోట తవ్విన మట్టి వద్దు, అందులో గిలాబా ముక్కలు ఉంటాయి. మొక్క చుట్టూ పాత మట్టిని వీలైనంత దులిపి, వేర్లు ఆరనివ్వకుండా నాటి, వారం నీడన ఉంచాలి. ఎండలు ముదిరాక ఈ పని పెట్టుకోకండి, తొలకరి దాకా ఆగండి.

శంక. కుండీ మాటేమిటి? అది సిమెంటుది.

సమాధానం. కొత్త సిమెంటు కుండీ కొంతకాలం సున్నాన్ని వదులుతూనే ఉంటుంది. నీళ్లు నింపి, రెండు మూడు రోజులకోసారి పారబోసి మళ్లీ నింపుతూ రెండు వారాలు నానబెట్టాక వాడాలి. నాలుగైదేళ్ల పాతదైతే అది వదలవలసింది ఎప్పుడో వదిలేసింది. పెచ్చు గీకి కడిగితే చాలు. అలా కడిగినప్పుడు మన పద్యం సగం చెరిగింది. మూలం ఇక్కడ ఎక్కించి ఉంది కనుక నష్టం లేదు.

శంక. ఇన్నీ చేశాం. నెల అయింది. పాలిపోయిన పాత ఆకులు అలాగే ఉన్నాయి.

సమాధానం. వాటిలో చాలామటుకు తిరిగి పచ్చబడవు, అన్నభేది బొట్టు పడిన మేర మాత్రం మచ్చలు మచ్చలుగా పచ్చబడవచ్చు. చూడవలసింది కొత్తగా వచ్చిన రెమ్మను. అది ఆకుపచ్చగా ఉంటే మట్టి జవాబు చెప్పినట్టే. పాతవాటిని పోపులో వేసుకోండి, రంగు పోయినా పనికొస్తాయి. మందు చల్లిన కొమ్మ జోలికి మాత్రం పోకండి, ఈ పూటకు పక్కింట్లో నాలుగు రెబ్బలు అడగండి.